చెద మందుకు లైసెన్సు ఉంది, బీమా ఏదీ? వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నంలో లైసెన్సు తీసుకుని పెస్ట్ కంట్రోల్ పని చేసుకుంటున్నవాళ్లం నమస్కరించి రాసుకుంటున్నది. మా పనికి బీమా తప్పనిసరి చేయాలని అర్జీలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాం. రసీదులు చేతికొస్తున్నాయి, జవాబు మాత్రం రావడం లేదు. అందుకే ఇలా పదిమందిలో అడుగుతున్నాం.

లైసెన్సు కావాలంటే వ్యవసాయ డిగ్రీ గానీ కెమిస్ట్రీతో సైన్సు డిగ్రీ గానీ ఉండాలి, పదిహేను రోజుల శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. ఉండాల్సిందే, కాదనం. కానీ రేపు ఏదైనా జరిగితే పరిహారం ఎక్కడి నుంచి తెస్తావని ఎవరూ అడగరు.

చెదల పని ఒక్కటే చూడండి. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నాలు వేస్తాం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు కలిపి, కన్నానికి లీటరు మించకుండా పోస్తాం. పాత అపార్ట్‌మెంట్లలో పైపులు ఎటు పోయాయో చెప్పే ప్లాను ఎవరి దగ్గరా దొరకదు. డ్రిల్లు బిట్టు పోయి సంపుకు వెళ్లే పీవీసీ పైపులో దిగుతుంది. కుళాయి వదలని వేళ పైపు ఖాళీగా ఉంటుంది, కాబట్టి నీళ్లు పైకి చిమ్మవు. కాంక్రీటు దాటగానే బిట్టు వదులవడం మామూలే గనక కుర్రాడికి అనుమానం రాదు. మందు ఎంత పోసినా కన్నం నిండకపోతే అప్పుడు తెలుస్తుంది. అప్పటికే మందు సంపులో కలిసిపోయి ఉంటుంది.

సంపు తోడించాలి, కడిగించాలి, పైపు మార్చాలి, ఆ నీళ్లు తాగినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మన పని వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి తీసుకునే పబ్లిక్ లయబిలిటీ పాలసీ కట్టినవాడికీ ఇక్కడ చుక్కెదురే. పగిలిన పైపుకు డబ్బులొస్తాయేమో గానీ, పాడైన నీళ్లు కాలుష్యం కిందికి వస్తాయి, మామూలు పాలసీ కాలుష్యానికి వర్తించదు. అకస్మాత్తుగా జరిగే కాలుష్యానికి విడిగా ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనపు షరతు, రాయించుకోవాలి. ఈ సంగతి చాలామందికి క్లెయిమ్ పెట్టాకే తెలుస్తోంది. పైగా ఇవి క్లెయిమ్ వచ్చిన తేదీని బట్టి నడిచే పాలసీలు. రెన్యువల్ తప్పితే, నిరుడు చేసిన పనికి ఈ ఏడు వచ్చిన నోటీసు మన నెత్తినే పడుతుంది.

ఇక పని చేసే కుర్రాళ్ల మాట. మామూలుగా పదిమంది ఉన్న చోటే ఈఎస్ఐ తప్పనిసరి. మా యూనిట్లలో ఎక్కువ చోట్ల ఉండేది నలుగురైదుగురు. వాళ్లకు పనిలో ప్రమాదం జరిగితే పరిహారమిచ్చే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ఒక్కటే దిక్కు. అందులోనూ ఆస్పత్రి ఖర్చు విడిగా చేర్పించుకోవాలి, వృత్తి వల్ల వచ్చే జబ్బు విడిగా చేర్పించుకోవాలి. కొందరు ప్రీమియం తగ్గుతుందని మందు కొట్టేవాళ్లను హౌస్‌కీపింగ్ అని రాయిస్తారు. ఇద్దరి పేర్లతో పాలసీ తీసి ఎనిమిదిమందిని పనికి పంపుతారు. ఇంకొందరు ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కాగితం చూపించి టెండరు వేస్తారు. అది ప్రమాదంలో చనిపోతేనో, పూర్తి శాశ్వత అంగవైకల్యం వస్తేనో ఇచ్చే 2 లక్షలు. మందు పీల్చి ఐసీయూలో పడుకున్నవాడికి అందులోంచి రూపాయి రాదు. పక్కాగా పాలసీలు కట్టినవాడి రేటు ఎక్కువవుతుంది, ఎల్-1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాడు, వేరేవాడవుతాడు. ఏళ్లుగా ఇదే జరుగుతోంది సార్.

పోర్టు గొడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ 3 గ్రాముల బిళ్ల ఒక్కటి 1 గ్రాము ఫాస్ఫీన్ విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. గాలిలో విషం కలిస్తే ఏమవుతుందో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు ఆర్ఆర్ వెంకటాపురం చూసింది. ఈ ఊరికి మళ్లీ చెప్పాలా? 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం నోటిఫై చేసిన పరిమాణం దాటి సరుకు ఉంచేవాళ్లకే. ఐదారు క్యాన్లతో ఇంటింటికీ తిరిగే మా పని దాని కిందికి రాదు.

1968 నాటి పురుగుమందుల చట్టం కేంద్రానిదని, నిబంధన మార్చాల్సింది ఢిల్లీ అని మాకు తెలుసు. రాష్ట్రం తరఫున ప్రతిపాదన పంపండి. అది వచ్చేలోగా ప్రభుత్వ ఆఫీసులు, ఆస్పత్రులు, హాస్టళ్ల టెండర్లలో కాలుష్యం ఎండార్స్‌మెంట్ ఉన్న లయబిలిటీ పాలసీ, పనికి వచ్చే ప్రతి మనిషి పేరూ, అతను చేసే పనీ ఉన్న కాంపెన్సేషన్ పాలసీ తప్పనిసరి చేయించండి. చిన్న యూనిట్లందరికీ కలిపి ఒక గ్రూప్ పాలసీ ఇమ్మని ప్రభుత్వ రంగ బీమా కంపెనీలతో మాట్లాడండి. ప్రీమియం కట్టడానికి మేం సిద్ధం. మమ్మల్ని పిలిచి ఒక్క అరగంట వినండి. టెండరు షరతు ఒక్కటైనా ఎప్పటికి పెట్టిస్తారో తేదీ చెప్పండి, చాలు.

ఇట్లు,
విశాఖపట్నం లైసెన్సుదారులు