గ్రామాభివృద్ధి సంఘం వార్షిక నివేదిక, 2020–21

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఉగాది వెళ్లాక రామాలయం అరుగు మీద చదివి వినిపించే నివేదిక ఇది. ఈసారి ఏప్రిల్‌లో సభ పెట్టే పరిస్థితి లేదు. సగం ఇళ్లలో కరోనా జ్వరాలు, మిగతా సగం ఇళ్లలో టెన్షన్. అందుకని ఆగస్టు నెలాఖరులో ఇంటింటికీ కాగితం, కువైట్, మస్కట్, హైదరాబాద్‌లలో ఉన్న సభ్యులకు వాట్సాప్ పంపుతున్నాం. లెక్కలు మార్చి 31తో ఆపాం కానీ, బడి కథ మార్చితో ఆగలేదు కాబట్టి ఆగస్టు 16 దాకా రాశాం.

మామూలుగా ఈ నివేదికలో కాలవ పూడికతీత, శ్మశానం దారి, వినాయక చవితి పందిరి తలా ఒక పేరా తీసుకుంటాయి. ఈ ఏడాది అవన్నీ చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాం. సంఘం డబ్బు, మనుషులు, గొడవలు, అన్నీ బడి చుట్టూనే తిరిగాయి.

2020 మార్చి 19న రాష్ట్రమంతటా బడులు మూశారు. పది రోజుల్లో తెరుస్తారనుకున్నాం. పిల్లలు పుస్తకాల సంచులు కొన్ని తరగతి గదుల్లోనే వదిలేసి వచ్చారు. జూన్‌లో పదో తరగతి పరీక్షలు కూడా రద్దయ్యాయి. దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠాలు మొదలైతే కేబుల్ ఉన్న ఇళ్లలో కొన్నాళ్లు చూశారు. గోదావరి మధ్య లంకల్లో కరెంటు పోతే పాఠం పోయినట్టే. ఫోన్ ఒకటే ఉన్న ఇంట్లో నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తూ దాన్ని జేబులో వేసుకుపోతే ఆన్‌లైన్ క్లాసూ ఆయనతోనే తోటలోకి పోయేది. సెప్టెంబరు నాటికి ఎనిమిది, తొమ్మిది చదివే మగపిల్లలు కొందరు కొబ్బరి ఒలుపులకు అలవాటుపడ్డారు. చేతికి రోజూ డబ్బులొస్తుంటే మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో తల్లులే చెప్పారు.

మధ్యలో ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. నీటిమట్టం 17.75 అడుగులు దాటితే గానీ ఆ హెచ్చరిక రాదు. లంకల వాళ్లు గట్టు ఎక్కారు. పునరావాస కేంద్రమంటే మనకు హైస్కూలే కదా. కరోనా భయంతో దూరదూరంగా ఉండమని చెబుతూనే, ఒక్కో గదిలో నాలుగైదు కుటుంబాల్ని ఉంచాల్సి వచ్చింది. ఆ వారం చేసిన పని తర్వాత బాగా అక్కరకొచ్చింది. ఏ గదిలో కిటికీ తెరుచుకోదు, ఏ మరుగుదొడ్డికి నీళ్లెక్కవు, మోటారు ఎన్ని గంటలు ఆడితే ట్యాంకు నిండుతుంది, ఇవన్నీ వరద బాధితులతో పాటు అక్కడే ఉన్న మన కుర్రాళ్లకు కంఠతా వచ్చేశాయి.

అక్టోబరు 8న ప్రభుత్వం జగనన్న విద్యాకానుక మొదలుపెట్టింది. పిల్లలకు యూనిఫాం బట్ట, బూట్లు, సంచి, పుస్తకాలు వచ్చాయి. నవంబరు 2 నుంచి తొమ్మిది, పది తరగతులు తెరుస్తారని తేలింది. మండల విద్యాధికారి (ఎంఈవో) గారు మండలంలోని ప్రధానోపాధ్యాయుల్ని, తల్లిదండ్రుల కమిటీల్ని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని, సచివాలయం సిబ్బందిని కూర్చోబెట్టి మాట్లాడారు. మన సంఘం నుంచి ముగ్గురం వెళ్లాం. అక్కడ చర్చంతా బడి గేటు దగ్గర మొదలైంది: థర్మల్ గన్ ఎవరు పట్టుకోవాలి, శానిటైజర్ ఎక్కడ పెట్టాలి, గుండ్రాలు ఎంత దూరంలో గీయాలి. మన కార్యదర్శి గారు లేచి ఒక్కటే అడిగారు: "లంక పిల్లలు గేటు దాకా ఎలా వస్తారండీ?"

ఏటా వరదకు నదీపాయలో వేసిన తాత్కాలిక గట్టు కొట్టుకుపోతుంది. మళ్లీ నీళ్లు తగ్గి గట్టు వేసేదాకా ఇంజను పడవే దిక్కు. పొద్దున్న ఎనిమిదిన్నర ట్రిప్పు ఎలా ఉంటుందో తెలియని వాళ్లెవరు? పాల క్యాన్లు, పచ్చిగడ్డి మోపులు, రెండు మోటార్‌ సైకిళ్లు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు, మధ్యలో సంచులు గుండెలకు హత్తుకుని బడి పిల్లలు. తరగతిలో ఆరడుగుల దూరం పాటించి, పడవలో భుజం భుజం రాసుకుంటూ వస్తే ఆ దూరానికి అర్థమేముంది? పైగా 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడి పిల్లలు గల్లంతైన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. కరోనా వచ్చినా రాకపోయినా ఆ ట్రిప్పులో జనాన్ని తగ్గించాల్సిందే అని మనం ముందునుంచీ అంటున్న మాట. ఈసారి కరోనా పేరు చెబితే వినిపించుకున్నారు.

రేవులో పడవ తిప్పే హక్కు వేలంలో పాడుకున్న పాటదారుతో రెండు సాయంత్రాలు మాట్లాడాం. ఆయన బాధా నిజమే. మనుషుల్ని తగ్గించి తిప్పితే డీజిలు ఖర్చు రాదు. చివరికి పొద్దున్న పిల్లలకు మాత్రమే ఒక ట్రిప్పు, దాని డీజిలు సంఘానిది అని ఒప్పందం కుదిరింది. ఒంటిపూట బడి కావడంతో తిరుగు ప్రయాణం అసలు చిక్కు తెచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి పిల్లలు రేవుకొచ్చేసరికి పడవ అవతలి ఒడ్డున ఉంటుంది, నడిపేవాడు అన్నానికి వెళ్తాడు. పిల్లలంతా ఉన్న ఒక్క రావిచెట్టు నీడలో గుమిగూడతారు. అందుకే ఇసుకలో కాస్త ఎడంగా రెండు కొబ్బరాకుల పందిళ్లు వేయించి, పడవవాడి భోజనం ఇవతలి ఒడ్డునే ఏర్పాటు చేశాం. అన్నం పెట్టిన ఇల్లాలు తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

లైఫ్ జాకెట్ల మీద మాత్రం చాలా తర్జనభర్జన జరిగింది. ఒకరు విప్పింది మరొకరు వేసుకుంటే అంటుకుంటుందని కొందరు తల్లులు వద్దే వద్దన్నారు. మునిగితే ప్రాణం పోతుంది, జాకెట్ వల్ల జ్వరమొస్తే చూసుకోవచ్చని డాక్టరు గారు చెప్పాక ఊరుకున్నారు. ప్రతి జాకెట్ వీపు మీద పెయింటుతో నంబరు వేశాం, ఆ నంబరు ఒక్క పిల్లకే. దిగగానే రేవులో కట్టిన దండెం మీద ఎండలో ఆరేయాలి. మొదటి వారం పిల్లలు నంబర్లు మార్చేసుకుని ఆడారు, తర్వాత కుదురుకున్నారు.

రోడ్డు మీద వచ్చే పిల్లలకు షేర్ ఆటో సమస్య. ఒక్క ఆటోలో ఎంతమంది పడతారో మనవాళ్లకు హద్దు లేదు. గతంలో ప్రభుత్వం ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్లు చాలా ఇళ్లలో గోడకు ఆనించి తుప్పు పట్టాయి. సెంటరులో సైకిల్ షాపు పెట్టుకున్న మన సభ్యుడు మజూరీ తీసుకోకుండా, ట్యూబులు, బ్రేకు కట్టల డబ్బు మాత్రం తీసుకుని వాటిని బాగుచేశారు.

ఇక బడి లోపల. మన హైస్కూలు గదుల్లో పెద్దది ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవు. ముందు టీచరుకు, బోర్డుకు నాలుగడుగులు వదిలి, ఆరడుగులకొక గుర్తు పెడితే అడ్డంగా నలుగురు, నిలువుగా నలుగురు, అంటే 16 మంది. అంతకన్నా ఒక్కరు కూడా పట్టరు. రోజు విడిచి రోజు తరగతులు అనే పద్ధతి లేకపోతే ఈ లెక్క కుదిరేది కాదు. చేతులు కడిగే లెక్కా అంతే. ఒక్కొక్కరికి 20 సెకన్లు అంటే నాలుగు కుళాయిల దగ్గర నిమిషానికి 12 మంది. అది కాగితం మీద. సబ్బు జారిపోవడం, పక్కవాడి మీద నీళ్లు చల్లడం కలిపితే అందులో సగం. అందుకే అరుగు పొడవునా పైపు వేయించి కుళాయిలు పెంచాం. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు–నేడు పథకంలో మరుగుదొడ్లకు నీటి వసతి అప్పటికే వచ్చింది కాబట్టి ఆ ఖర్చు మనకు తప్పింది.

కిటికీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు, ఈ వైరస్ గాలిలో తేలే సన్నని తుంపర్ల ద్వారా కూడా పాకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ రాశారు. రిటైరైన మన సైన్సు మాస్టారు ఆ వార్త కత్తిరించి ఉంచుకున్నారు. బెంచీల మీద హైపోక్లోరైట్ కొట్టడం నిబంధన కాబట్టి కొట్టాం. లీటరు నీటికి సుమారు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, తేరుకున్నాక పైనున్న నీళ్లు వడకట్టి వాడటం. కానీ మాస్టారి పోరు ఒక్కటే: "గది కడగడం కన్నా గాలి ఆడనివ్వండి." ఎప్పుడో తుపానుకు భయపడి మేకులు కొట్టేసిన కిటికీలు, విరిగిన బల్లలు అడ్డుపెట్టిన కిటికీలు, చీడపురుగుల్లా పట్టిన తుప్పుకు కదలని గడియలు. వడ్రంగి గారు బందులు మార్చి, రెక్కలు చెక్కి అన్నింటినీ తెరిచారు. ఈ ఏడాది పెట్టిన ఖర్చులన్నింటిలో బాగా గిట్టుబాటైంది ఇదేనని కార్యవర్గం అభిప్రాయం. శానిటైజర్ డబ్బాలు నెలలో అయిపోయాయి, కిటికీలు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి.

అంగీకార పత్రాల మీద సంతకాలు ఇంకో కథ. తల్లిదండ్రులు రాసిస్తేనే పిల్లని రానివ్వాలి. మన దగ్గర చాలామంది తల్లులు గల్ఫ్‌లో ఉంటారు, పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. కువైట్ నుంచి తల్లి వాయిస్ మెసేజ్ పెడితే, అది హెడ్‌మాస్టరు గారికి వినిపించి, పెద్దామె చేత వేలిముద్ర వేయించాం. ఒక నాయనమ్మ మాత్రం ముద్ర వేయలేదు. "ఆయ్, ఆడికేం కాదండి, కుర్రోడు. ఆడు బళ్లోంచి తెచ్చి నాకు అంటిస్తే నన్నెవరు చూత్తారండి?" అన్నారు. ఆ ప్రశ్నకు మార్గదర్శకాల్లో సమాధానం లేదు. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్ల ఇళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర తీసుకుని, అలాంటి ఇళ్ల పిల్లలకు నోట్సు ఇంటికే పంపాం. మాస్టార్లు వారానికోసారి వీధి అరుగు మీద కూర్చుని దిద్దారు. జనవరిలో ఆ నాయనమ్మే మనవణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

నవంబరు 2న బడి తెరిచారు. నాలుగో రోజే టీవీల్లో గగ్గోలు. రాష్ట్రంలో 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది టీచర్లకు పాజిటివ్ అని. అప్పుడు బడికొచ్చిన పిల్లలు దాదాపు 4 లక్షల మంది అనీ, ఇది వెయ్యికి ఒకరు కూడా కాదనీ పాఠశాల విద్యా కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు గారు చెప్పారు. ఆ మాట టీవీ కింద పట్టీలో వచ్చి పోయింది, 262 మాత్రం రోజంతా నిలిచింది. మర్నాడు మన పడవలో పిల్లలు సగం కూడా లేరు. కార్యవర్గం సభ్యులు ఇంటింటికీ తిరిగారు. ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క చెప్పారు, పందిరి చూపించారు, కిటికీలు చూసి వెళ్లమన్నారు. చూసి వెళ్లిన వాళ్లు పంపారు.

తర్వాత నవంబరు 23న ఎనిమిది, డిసెంబరు 14న ఏడు, సంక్రాంతి వెళ్లాక జనవరి 18న ఆరు, ఫిబ్రవరి 1న చిన్న తరగతులు. బడికి పంపడానికి భయపడ్డ వాళ్లే పిల్లల్ని భుజాన ఎక్కించుకుని కనుమ నాడు ప్రభల తీర్థం జాతరకు వెళ్లారనేది కూడా ఇక్కడ రాసి ఉంచాల్సిందే. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలకు బడే పోలింగ్ కేంద్రం. పోలింగ్ మర్నాడు బడి కడగడానికి గెలిచిన వర్గం, ఓడిన వర్గం రెండూ వచ్చాయి, ఫొటో మాత్రం విడివిడిగా దిగారు.

కరోనా రెండో విడత మన ఊరిని కుదిపేసింది. 2021 ఏప్రిల్ 20 నుంచి తొమ్మిదో తరగతి వరకు సెలవులిచ్చేశారు. మిగతా జిల్లాల్లో సడలించినా మన తూర్పు గోదావరిలో కర్ఫ్యూ ఎక్కువ రోజులు నడిచింది. పోయిన సభ్యుల పేర్లు వేరే పుటలో ఉన్నాయి. వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చోలేకపోయిన బాధ అందరిదీ.

2021 ఆగస్టు 16న మళ్లీ బడులు తెరిచారు. అదే రోజు ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు పి.గన్నవరం హైస్కూలుకు వచ్చి నాడు–నేడు మొదటి దశ బడుల్ని అంకితం చేశారు. కోనసీమకు ఆ గౌరవం దక్కింది. నిరుటికి ఇప్పటికి తేడా ఏమిటంటే, మాస్టార్లు టీకాలు వేయించుకున్నారు, ఐదేళ్ల లోపు పిల్లల తల్లులకూ జూన్ నుంచి ముందుగా వేశారు. పిల్లలకు మాత్రం ఈ 2021 ఆగస్టు నాటికి టీకా రాలేదు. కాబట్టి మాస్కు, కిటికీ, పడవ లెక్క మారవు.

ఇతర పనులు: వరదలో భోజనాలు, దుప్పట్లు అందించాం. అక్టోబరు వాయుగుండానికి పడిపోయిన చేల నష్టం రాయించడంలో రైతులకు సాయం చేశాం. పూడికతీత సగంలో ఉంది. గ్రంథాలయం తెరవలేదు. చవితి పందిరి వేయలేదు, ఆ చందాలో ఇచ్చినవాళ్ల అనుమతితో కొంత బడికి మళ్లించాం. జమాఖర్చుల పద్దు విడిగా జతచేశాం, రసీదులు కోశాధికారి గారింట్లో ఎవరైనా చూడొచ్చు.

వచ్చే ఏడాదికి తేల్చాల్సింది ఒకటుంది. పిల్లల ట్రిప్పు డీజిలు సంఘం ఎన్నాళ్లు భరిస్తుంది? వచ్చే రేవు పాట నిబంధనల్లోనే "బడి వేళల్లో పిల్లలకు విడి ట్రిప్పు, జాకెట్లు తప్పనిసరి" అని రాయించాలని కార్యవర్గం తీర్మానం చేసింది. పాట సొమ్ము తగ్గుతుందని, పంచాయతీకి ఆదాయం పోతుందని కొందరు సభ్యుల అభ్యంతరం. సర్పంచ్ గారికి అర్జీ ఇవ్వకముందే సభ్యులందరి మాట కావాలి. ఈ కాగితం వెనకవైపు అవును, కాదు అని రెండు గళ్లున్నాయి. టిక్కు పెట్టి దసరాలోపు కార్యదర్శి గారికి అందజేయండి. విదేశాల్లో ఉన్నవాళ్లు వాట్సాప్‌లో పెట్టినా సరే.

ఇట్లు
కార్యవర్గం