పేరు తెలియని ఆ అబ్జర్వర్ సాబ్‌కు కృతజ్ఞతలు

1999 వేసవిలో ద్రాస్ సెక్టార్‌లో మా పదాతి దళ కంపెనీతో కలిసి కొండెక్కిన ఆర్టిలరీ అధికారి పేరు నాకు ఈనాటికీ తెలియదు. మేమంతా ఆయనను ‘సాబ్’ అనే పిలిచేవాళ్లం.

కార్గిల్ యుద్ధమనగానే అందరికీ 155 ఎం.ఎం. బోఫోర్స్ శతఘ్నులే గుర్తుకొస్తాయి, అది న్యాయమే. అయితే కిలోమీటర్ల వెనుక లోయలో ఉన్న శతఘ్నికి శిఖరం మీది బంకర్ చాలాసార్లు కనిపించదు. దానికి కళ్లు ముందు వరుసలో మాతో పాటు పాకుతూ వచ్చిన ఈ అబ్జర్వరే. అంత ఎత్తులో గాలి పలచబడి గుండు మామూలు కంటే దూరం పోతుంది. సన్నని శిఖరరేఖ మీద గురి కాస్త ఎక్కువైతే అది అవతలి లోయలో పడుతుంది, తక్కువైతే ఎక్కుతున్న మన జవాన్ల మీదే పడుతుంది. అందుకే ఆయన ముందుగా ఒకే గన్నుతో కాల్పించి, పొగ లేచిన చోటును బైనాక్యులర్‌తో చూసి, రేడియోలో కుడి ఎడమలూ, దూరమూ సరిచేసి, గురి కుదిరాకే బ్యాటరీ (శతఘ్నుల బృందం) మొత్తాన్ని కాల్చమనేవారు. రేడియో యాంటెన్నా కనిపిస్తే శత్రువు తననే ముందుగా కాలుస్తాడని తెలిసి కూడా, చూపు ఆనే చోటు కోసం బండచాటు వదిలి ముందుకు జరగడం నేను దగ్గరగా చూశాను.

ద్రాస్‌లోని పాయింట్ 5140 శిఖరానికి 2022లో శతఘ్ని దళాల గౌరవార్థం ‘గన్ హిల్’ అని పేరు పెట్టారు. ఆ గౌరవంలో ఆయనకూ వాటా ఉందని నా నమ్మకం. సాబ్, మీరు ఎక్కడున్నా, మా కంపెనీలో ప్రాణాలతో ఇంటికి చేరిన వాళ్లందరి తరఫున మీకు నా హృదయపూర్వక నమస్కారాలు.