ఐసీయూ చార్టులో ప్రొటీన్‌కు ఒక గడి కావాలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఐసీయూలో యాంటీబయాటిక్‌ను మిల్లీగ్రాముల్లో రాస్తాం. ముక్కు గొట్టంలో పోసే ఆహారం దగ్గరికొచ్చేసరికి 'ఆర్‌టీ ఫీడ్ 200 ఎం.ఎల్., రెండు గంటలకోసారి' అని రాసి వదిలేస్తాం. ఆ 200లో ఏం కలపాలన్నది చాలాచోట్ల అటెండెంట్ల ఇష్టం. వడగట్టిన గంజి, బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు రోజుకు రెండు లీటర్లు పోసినా ప్రొటీన్ 20 గ్రాములు దాటదు. 60 కిలోల పెద్దాయనకు కిలోకు 1.3 గ్రాముల లెక్కన 78 కావాలి.

పెద్ద వయసు కండరం కొద్దిపాటి ప్రొటీన్‌కు స్పందించదు, మంచాన పడితే వేగంగా కరుగుతుంది. తీవ్రంగా జబ్బుపడ్డవారి తొడ కండరం పది రోజుల్లో సుమారు 18 శాతం తరిగిందని 2013 నాటి అధ్యయనం ఒకటి కొలిచి చూపింది. ఆ బలహీనతతోనే వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది, కఫం దగ్గి బయటికి తెచ్చుకోలేరు.

అలాగని మొదటి రోజే 78 గ్రాములు పోయమనడం లేదు. బీపీ నిలిపే మందుల మోతాదు ఇంకా పెరుగుతున్న షాక్‌లో (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి) ఫీడ్ ఆపాలి. కుదుటపడ్డాక కొద్దికొద్దిగా మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పూర్తి మోతాదుకు చేర్చాలి. రోజుల తరబడి తిననివారికి ఆహారం మొదలవగానే రక్తంలో లవణాలు పడిపోవచ్చు, అందుకే ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూడాలి. ఫాస్ఫేట్ పడిపోతే ఊపిరి కండరాలే చతికిలపడతాయి. ఎక్కువిస్తే ఇంకా మంచిదన్నదీ నిజం కాదు: 2023లో వెలువడిన ఎఫర్ట్ ట్రయల్‌లో కిలోకు 2.2 గ్రాములు లక్ష్యంగా పెట్టుకున్నా లాభం కనిపించలేదు, కిడ్నీ దెబ్బతిన్నవారికి కీడే కనిపించింది. అయితే డయాలసిస్ మీదున్నవారికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి గుడ్డు మాన్పించడం కూడా తప్పే. ప్రొటీన్ తయారయ్యే అమైనో ఆమ్లాలు కొంతమేర ఆ డయాలసిస్‌లోనే కొట్టుకుపోతాయి.

లీటరు పాలలో 32 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు పచ్చిది వద్దు, ఉడికించి మెత్తగా రుబ్బి వడగట్టాలి. డబ్బా పొడి వాడితే వెనక లేబుల్ చదవాల్సిందే, కొన్నింటిలో మూడో వంతే ప్రొటీన్, మిగతాది ఎక్కువగా పిండి, చక్కెర. రుబ్బిన ఫీడ్‌ను గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దు. ప్రతిసారీ 30 ఎం.ఎల్. నీళ్లు పోయకపోతే గొట్టం మూసుకుపోతుంది.

మేం అడిగేది ఐసీయూకు ఒక డైటీషియన్, చార్టులో మూడు గడులు: బరువు (ఒళ్లు వాచినవారికి జబ్బుకు ముందటిది), రాసిన ప్రొటీన్ గ్రాములు, లోపలికి వెళ్లిన గ్రాములు. మొదట ఒక్క బోధనాసుపత్రిలో పెట్టించండి. స్కాన్ కోసం ఆపిన ఫీడ్ తిరిగి ఎన్ని గంటలకు మొదలైందో కూడా అక్కడే రాయించండి.

ఇట్లు,
ఐసీయూ వైద్యులు, డైటీషియన్లు