కువైట్‌లో మా నాన్నగారిని సీటు దాకా చేర్చిన వారికి కృతజ్ఞతలు

2023 నవంబరు 16న కువైట్‌లోని జాబెర్ అల్ అహ్మద్ అంతర్జాతీయ స్టేడియంలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వాలిఫయర్ మ్యాచ్‌కు నేను మా నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. భారత్ కువైట్‌పై 1-0తో గెలిచిన సంగతి ఈపాటికి మీ అందరికీ తెలిసే ఉంటుంది. ఆ గెలుపును మేము కళ్లారా చూడగలిగామంటే అది నలుగురైదుగురు అపరిచితుల చలవే. వారి పేర్లయినా అడగలేదు, ఆ హడావిడిలో సరిగ్గా ధన్యవాదాలూ చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. టికెట్టు మీద గేటు నంబరు స్పష్టంగానే ఉన్నా, నేను దాన్ని చూడకుండా, కారు దిగగానే నీలం చొక్కాల గుంపు ఎటు సాగుతోందో అటే నడిచాను. మన జట్టుది నీలం రంగైతే కువైట్ జట్టుదీ నీలమే. వాళ్లు తమ జట్టును ముద్దుగా పిలుచుకునే 'అల్ అజ్రఖ్' అన్న మాటకు అర్థమే నీలం. అదే ఏడాది జులై 4న బెంగళూరులో జరిగిన శాఫ్ (దక్షిణాసియా ఫుట్‌బాల్) పోటీ ఫైనల్లో ఇదే కువైట్‌ను మనవాళ్లు పెనాల్టీల్లో ఓడించడం టీవీలో చూసినవాణ్ణే, అయినా ఆ క్షణాన బుర్ర పనిచేయలేదు. గేటు దగ్గర టికెట్టు చూసిన సెక్యూరిటీ ఆయన తల అడ్డంగా ఊపి, చేత్తో స్టేడియం అవతలి వైపు చూపించారు. అరవై వేల మంది పట్టే స్టేడియం చుట్టూ సగం దూరం తిరిగి వెళ్లాలన్నమాట. నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అక్కడే సిమెంటు గట్టు మీద కూలబడి, "నువ్వెళ్లి చూసి రారా, నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు.

ఆ మాట నాకు ఎంత కష్టంగా తోచిందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు నాన్నగారికి పదమూడేళ్లు. రహీం సాబ్ హైదరాబాదువారు కావడం ఆయనకు నేటికీ సొంత ఇంటి గొప్పే. మన జట్టు పరాయి దేశంలో ఆడుతుంటే స్టాండులో కూర్చుని చూడాలన్న కోరిక ఆయనకు అప్పటి నుంచీ ఉంది.

మేమలా తేల్చుకోలేక నిలబడి ఉండగా, కువైట్ మఫ్లర్ మెడలో వేసుకున్న ఒక యువకుడు దగ్గరకు వచ్చి మా టికెట్లు చూశాడు. ఏమీ అనకుండా వెళ్లి, సిబ్బందితో అరబీలో చాలాసేపు మాట్లాడి, చక్రాల కుర్చీ ఒకటి తీసుకొచ్చాడు. తోయడం నాకు వదిలేసి తన సీటుకు వెళ్లిపోవచ్చు కదా, వెళ్లలేదు; తానే తోశాడు. గాలి చల్లగా వీస్తోందని తన మఫ్లర్ తీసి నాన్నగారి మోకాళ్ల మీద కప్పాడు. సగం దారిలో ఉండగా లోపలి నుంచి జనగణమన వినిపించింది. నాన్నగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు. అతను వెంటనే కుర్చీ ఆపి, ఆయన మోచేయి కింద చేయి ఆనించి, గీతం ముగిసేదాకా కదలకుండా పక్కనే నిలబడ్డాడు. తన జట్టు ఆట మొదటి నిమిషాలు అతనికి మా మూలంగానే పోయాయి. జకార్తాలో స్టేడియమంతా మనల్ని గేలి చేస్తుంటే మన వైపు నిలిచి అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని అప్పటి మన ఆటగాళ్లు చెప్పుకునే ముచ్చటను నాన్నగారు తెలుగూ ఇంగ్లీషూ కలిపి దారి పొడవునా అతనికి వినిపించారు. ఎంత అర్థమైందో గానీ, అతను ప్రతి వాక్యానికీ తలూపాడు.

మా స్టాండులో, మెట్లెక్కనవసరం లేని చివరి సీటును నాన్నగారికి ఇచ్చి, తాను పై వరుసలో ఎక్కడో సర్దుకున్న తెలుగు అన్నకు నమస్కారం. ముందు వరుస కుర్రాళ్లకు మరీ ప్రత్యేకంగా. ఆట జోరు మీద ఉన్నప్పుడు స్టాండులో కూర్చోవడం అభిమానికి శిక్షే, అయినా వెనుక ముసలాయన లేవలేరని తెలిసిన తరువాత వాళ్లు రెండో సగమంతా జెండా కిందికి దించుకుని, డప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చునే పాడారు. 75వ నిమిషంలో మన ఆటగాడు ఛాంగ్టే అందించిన బంతిని మన్వీర్ సింగ్ గోల్‌లోకి కొట్టినప్పుడు మాత్రం ఆ ఒప్పందం గాలికి పోయింది. నాన్నగారూ లేచి నిలబడ్డారు, ఎలా లేచారో ఆయనకే తెలియదు. ఆయన గోళ్ల గుర్తులు నా మణికట్టు మీద మర్నాటి దాకా ఉన్నాయి.

కుర్చీ తిరిగి అప్పగించేదాకా ఓపిగ్గా వేచి ఉన్న వాలంటీరుకు, ఓడిన బాధలో వెళుతూ కూడా ఆగి "మబ్రూక్" అని అభినందించిన కువైట్ కుటుంబానికి, పగలంతా డ్యూటీ చేసి అర్ధరాత్రి మమ్మల్ని బసకు చేర్చిన తెలుగు డ్రైవరు తమ్ముడికి కృతజ్ఞతలు.

ఇక ఒక విన్నపం. ఆ యువకుడి నీలం మఫ్లర్ పొరపాటున మాతోనే వచ్చేసింది. నాన్నగారు దాన్ని ఉతికించి, మడిచి, బీరువాలో దాచారు. కువైట్‌లో ఉన్న తెలుగువారెవరైనా దయచేసి ఈ కబురును అరబీలో నలుగురికీ చేరవేయండి. అతను దొరికితే దాన్ని పంపించడానికి సిద్ధంగా ఉన్నాము.