కంతు కోసం పప్పు గిన్నె తగ్గించకండి

సంపాదకులకు నమస్కారం.

కుటుంబాల అప్పుల గురించి మీ పత్రికలో గత ఆదివారం వచ్చిన కథనం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫైనాన్సు వాళ్ళ వసూళ్ళ తీరు గురించి, జనం పడుతున్న అగచాట్ల గురించి వివరంగా రాశారు. అయితే కంతు, అంటే అప్పు వాయిదా, కట్టే డబ్బు ఇంట్లో ఏ మూల నుంచి వస్తుందో అందులో లేదు. అది వంటింట్లోంచి వస్తుంది. తిరుపతి కొర్లగుంటలో ఒక డ్వాక్రా సంఘానికి కొన్నేళ్ళుగా లెక్కల పుస్తకం రాస్తున్నాను. అంతకన్నా ముఖ్యంగా, మా ఇల్లు కూడా ఆ దారిలో నడిచి వచ్చింది కాబట్టి ఈ మాట ధైర్యంగా రాయగలుగుతున్నాను.

మా ఇంట్లో ఐదుగురం. మావారు ఒక లాడ్జిలో పని చేస్తారు, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. 2020 మార్చిలో తిరుమల దర్శనాలు ఆగిపోయినప్పుడు ఈ ఊళ్ళో లాడ్జీలు, జీపులు, బొమ్మల అంగళ్ళు, టిఫిను బండ్లు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కొండ మీదికి జనం రాకపోతే కింద మాకు పొయ్యి వెలగదని అంతకు ముందు మాటవరసకు అనుకునేవాళ్ళం, ఆ ఏడాది కళ్ళారా చూశాం. మొదట మెడలో గొలుసు కుదువకు పోయింది. తర్వాత సంఘం లోను, దాని మీద ఒక మైక్రోఫైనాన్సు లోను, చివరికి రోజు కంతు ఫైనాన్సు వచ్చి చేరాయి. 2022 నాటికి నెల రాబడి 22,000 రూపాయలకు చేరినా, అందులో ఇంటి అద్దెకు 5,500, నాలుగు అప్పుల కంతులకు 8,383 పోయేవి. మిగిలిన 8,000 చిల్లరలోనే బడి ఖర్చు, కరెంటు, గ్యాసు, అత్తమ్మ బీపీ మాత్రలు, ఐదుగురి తిండి అన్నీ జరగాలి.

అద్దె తగ్గదు, కంతు తగ్గదు, మాత్రలు ఆపలేం. తగ్గించడానికి వీలున్నది తిండి ఒక్కటే. నెలకు 4 కిలోలు వాడే కందిపప్పు ఒకటిన్నర కిలోకు దిగింది, అర లీటరు పాలు పావు లీటరు అయ్యాయి, గుడ్లు ఆగిపోయాయి. అన్నం మాత్రం తగ్గలేదు, అందువల్ల ఎవరికీ ఆకలి వేయలేదు, లోపం ఎవరికీ కనపడలేదు. చారులో పప్పు ఎంత ఉందో వండేదానికే తెలుస్తుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి ఒకరోజు బడి ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోతే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాము. రక్తంలో హిమోగ్లోబిన్ 8.6 ఉంది, ఆ వయసు ఆడపిల్లకు 12 అయినా ఉండాలన్నారు. నిన్న ఏం తిన్నావమ్మా అని డాక్టరమ్మ అడిగితే, బిడ్డ నా ముఖం చూసి, "అన్నం, చారు" అంది. మొన్న ఏం తిన్నావని అడిగితే మళ్ళీ అదే మాట చెప్పింది. ఆ గదిలో నేను తలెత్తలేకపోయాను.

ఆ రాత్రే సంఘం లెక్కల పుస్తకం వెనక అట్ట మీద మా ఇంటి అప్పులన్నీ రాశాను. పదిమంది ఇళ్ళ లెక్కలు రాసే నేను అంతవరకూ మా ఇంటి లెక్క ఒక్కసారి కూడా రాయలేదు. ఎవరికి ఎంత కట్టాలో నోటికి వచ్చు గానీ, ఏ అప్పు మీద నూటికి ఎంత వడ్డీ పడుతోందో తెలియదు. మా వీధిలో అప్పు తీసుకునే ప్రతి ఆడమనిషీ అడిగే మాట ఒకటే, "కంతు ఎంత?" అని. వడ్డీ ఎంత అని అడిగేవాళ్ళు తక్కువ, ఎన్ని నెలలు, మొత్తం కట్టేది ఎంత అని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ.

రోజు కంతు సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. పదివేలు రాసుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. మూడు నెలల పైన వాడుకున్నందుకు 1,500 పోతే పోనీలే అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి, మన చేతిలో 100 రోజులూ 8,500 ఉండదు, సగటున అందులో సగమే ఉంటుంది. ఆ ప్రకారం లెక్క కడితే అది నెలకు నూటికి దాదాపు 10 రూపాయల వడ్డీ. పది రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నారని ఎవరైనా అంటే మనం నోరు వెళ్ళబెడతాం, అదే పని రోజుకు నూరు రూపాయలుగా చేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. పైగా ఆ అప్పు నోటు 90 రోజులకు వచ్చేసరికి వసూలుకు వచ్చే అబ్బాయే తిరగరాసుకుంటారా అక్కా, అంటే మళ్ళీ పదివేలకు కొత్త నోటు రాసుకుంటారా, అని అడుగుతాడు. మేము అలా ఐదుసార్లు తిరగరాసుకున్నాం. ఐదుసార్లకు పోయింది 7,500 రూపాయలు. కందిపప్పు కిలో 150 చొప్పున చూస్తే అది 50 కిలోలు, మా ఇంటికి ఏడాది పైన సరిపోయే పప్పు.

మైక్రోఫైనాన్సు లోను 50,000, రెండేళ్ళు, "నూటికి రూపాయే" అన్నారు. నెలకు 2,583 కంతు. అయితే ఆ రూపాయి వడ్డీ చివరి నెల దాకా మొత్తం 50,000 మీదే వేశారు. తీరుతున్న అసలు మీద లెక్కిస్తే అది ఏడాదికి 21 శాతం పైనే. గొలుసు మీద కుదువ అంగట్లో తెచ్చిన 40,000కు రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 800, అది ఎన్నేళ్ళు కట్టినా అసలు తరగదు. నాలుగింటిలోనూ చౌకైనది మా సంఘానికి బ్యాంకు ఇచ్చిన లోను. దాని మీద వడ్డీ నెలకు నూటికి రూపాయి ఎన్నడూ దాటలేదు. అంతటి చౌక లోనునే ఎలాగో ఒకలా ముందు తీర్చేద్దామని, దాని కోసం రోజు కంతు తెచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. పదిమందిలో పరువు పోతుందన్న భయం వాళ్ళ చేత ఆ పని చేయిస్తుంది.

తర్వాత చేసింది పెద్ద పని కాదు, క్రమం మార్చాము అంతే. రోజు కంతును మధ్యలో తీర్చినా మిగిలిన రోజుల వడ్డీ తగ్గించరు కాబట్టి, 100 రోజులూ కట్టి, ఆ తర్వాత తిరగరాయలేదు. మా సంఘం పొదుపు డబ్బులోంచి రెండు రోజుల కోసం 40,000 తీసుకుని గొలుసు విడిపించి, మర్నాడే దాన్ని బ్యాంకులో పెట్టి, ఆ డబ్బు సంఘానికి తిరిగి జమ చేశాను. వడ్డీ 800 నుంచి 320కి దిగింది. సంఘంలో పదిమంది సంతకం పెట్టి ఆ రెండు రోజుల సాయం చేయకపోయి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ పదిమందికీ నా నమస్కారం ఈ ఉత్తరం ద్వారా కూడా చెప్పుకుంటున్నాను.

రోజు కంతు ఆగడంతో మిగిలిన 3,000లో 1,200 రూపాయలను అదే నెల నుంచి వంటింటికి తిప్పాను. ఇక్కడ మావారికీ నాకూ కొంత వాదన జరిగింది. మొత్తం అప్పులకే కట్టేస్తే ఇంకా త్వరగా తీరిపోతుంది కదా అన్నది ఆయన మాట. బిడ్డ రక్తం బాకీ తీరేది ఏ కంతుతో అని నేనడిగాను. మిగతా 1,800, గొలుసు వడ్డీలో తగ్గిన 480 కలిపి పక్కన పెడుతూ వచ్చి, ఎనిమిదో నెలలో మైక్రోఫైనాన్సు బాకీ ఆరు కంతులు ముందుగానే తీర్చేశాము. ముందుగా కడితే జరిమానా వేస్తారని వీధిలో అందరూ భయపెట్టారు. అది నిజం కాదు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన మైక్రోఫైనాన్సు నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే ఈ లోన్లకు తాకట్టు అడగకూడదు, ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదు, వడ్డీ వివరాలన్నీ రాసిన కాగితాన్ని మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 గంటల తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. మా వీధిలో ఉదయం ఏడింటికే వాకిట్లో వచ్చి నిలబడిన వాళ్ళున్నారు. ఇలాంటివి జరిగితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఆ నిబంధనల్లోనే ఒకటి మాత్రం నాకు సమ్మతంగా లేదు. ఒక కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని హద్దు పెట్టారు. హద్దు పెట్టడం మంచిదే. కానీ 22,000 వచ్చే ఇంట్లో 11,000 కంతులకు, 5,500 అద్దెకు పోతే ఐదుగురికి మిగిలేది 5,500. మేము 8,383 కడుతున్నప్పుడే బిడ్డ పడిపోయింది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు సగం అన్న హద్దు చాలా ఎక్కువ, మూడో వంతు దాటనీయకూడదని నా అభిప్రాయం. ఆ లోపల ఉన్నామో లేదో లోను ఇచ్చేవాడు చూసేదాకా ఆగకుండా మనమే చూసుకోవాలి.

ఇక వంట గురించి. చౌకగా వండడమంటే తిండిని పలచన చేయడమని మేమూ మొదట పొరబడ్డాం. మన చిత్తూరు సీమ వంటలో చౌక, బలం రెండూ కలిసే ఉన్నాయి, మనమే వాటిని పక్కన పెట్టాం. గంగమ్మ జాతరలో అమ్మవారికి అంబలి పోసే మనం, ఇంట్లో పిల్లలకు రాగులు పెట్టడం నామోషీ అనుకుంటున్నాం. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు రాత్రికి సంగటే. ఒక గ్లాసు రేషన్ బియ్యం నానబెట్టి మెత్తగా ఉడికించి, రెండు గ్లాసుల రాగిపిండి దాని మీద కుప్పగా పోసి, నడుమ కట్టెతో ఒక గుంట చేసి, మూత పెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు వదిలేస్తాను. గుంటలోంచి నీళ్ళు బుడబుడమని పైకి వచ్చి పిండి తడి రంగు తిరిగాక, దించి సంగటి కట్టెతో గెలుకుతాను. తొందరపడి ముందే గెలికితే ఉండలు కడుతుంది. అందులోకి చెనిగ్గింజల ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి), లేదంటే ఆకుకూర పప్పు.

ఉలవలు మాకు పెద్ద ఆసరా అయ్యాయి. రాత్రి నానబెట్టి ఉదయం కుక్కర్లో ఉడికిస్తే, వంచిన కట్టుతో మధ్యాహ్నానికి చారు, ఉలవలతో సాయంత్రం పిల్లలకు గుగ్గిళ్ళు. ఒక్కసారి వెలిగించిన గ్యాసుతో రెండు పూటలు జరుగుతాయి. మాంసకృత్తుల్లో ఉలవలు కందిపప్పుకు తీసిపోవు, మా అంగట్లో ధర మాత్రం తక్కువ. మార్గశిరం, పుష్యం వచ్చి అనపకాయలు (చిక్కుడు జాతి కాయలు) దిగినప్పుడు వాటి గింజల పొట్టు పితికి పితికిపప్పు చేస్తే పిల్లలు మాంసం కూడా అడగరు. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన వారాల్లో ఐదారు కిలోలు కొని ఊరగాయ పెట్టుకుంటాను, ధర ఆకాశానికి అంటిన వారాల్లో చింతపండే దిక్కు. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోవాలని, అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదని, లేకపోతే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదని డాక్టరమ్మ చెప్పింది. మా అత్తమ్మ టీ మానడానికి నెల పట్టింది.

రేషన్ బియ్యం గురించి కూడా రాయక తప్పదు. ఇప్పుడు కార్డులో ఉన్న ప్రతి మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తోంది. మా ఇంటికి 25 కిలోలు. మా వీధిలో చాలామంది వాటిని పదికో పన్నెండుకో ఇచ్చేసి, యాభై పెట్టి సన్నబియ్యం కొంటున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, ముద్ద గొంతు దిగడం లేదని పిల్లలు ఏడుస్తారు. అయినా దోసెలకు, ఇడ్లీకి, సంగటికి, పులిహోరకు ఆ బియ్యం చక్కగా సరిపోతాయి. సగం అలా వాడుకున్నా నెలకు 600 రూపాయల దాకా కొనే ఖర్చు తగ్గుతుంది. అలాగే అంగట్లో కాతా పెట్టి రోజూ పది రూపాయల నూనె ప్యాకెట్టు, పావుకిలో పప్పు తెచ్చుకునే ఇళ్ళలో ఎంత పోతుందో ఒక నెల రాసి చూసుకోవాలని నా మనవి. చేతిలో డబ్బు లేకనే చిల్లరగా కొంటాం, చిల్లరగా కొనడం వల్లనే చేతిలో డబ్బు ఉండదు.

మైక్రోఫైనాన్సు తీరాక ఆ కంతు కూడా కలిపి కట్టుకుంటూ పోతే తొమ్మిది నెలలకు గొలుసు ఇంటికి వచ్చింది. అమ్మాయికి ఇనుము మాత్రలు, ఈ తిండి కలిపి ఆరు నెలల్లో హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది, ఇప్పుడు 12 దాటింది. పప్పు మళ్ళీ 4 కిలోలు వాడుతున్నాను.

మీకు నా విన్నపం ఒకటుంది. బంగారం ధర, వెండి ధర రోజూ వేస్తున్నారు. వారానికి ఒకసారి, 10,000 అప్పు ఏయే చోట తెస్తే మొత్తం ఎంత కట్టాలో, అది నెలకు నూటికి ఎన్ని రూపాయల వడ్డీ అవుతుందో ఒక చిన్న పట్టిక వేయండి. బ్యాంకు బంగారం లోను, సంఘం లోను, మైక్రోఫైనాన్సు, కుదువ అంగడి, రోజు కంతు, అన్నీ పక్కపక్కన ఉండాలి. శాతాల్లో వేయకండి, మా ఆడవాళ్ళకు నూటికి ఎన్ని రూపాయలు అన్నదే తెలుస్తుంది. పట్టిక వచ్చిన రోజు మా సంఘం సమావేశంలో దాన్ని చదివి వినిపించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
కొర్లగుంట, తిరుపతి.