భూకంపం వార్తలో ఆ ఒక్క అంకె చాలదు

సంపాదకుడు గారికి,

ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా 'రిక్టర్ స్కేలుపై తీవ్రత ఇంత' అన్న అంకె పేపర్లలో, టీవీల్లో పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. గంట తిరక్కుండానే 'రాత్రికి ఇంకా పెద్దది వస్తుంది, తిరుపతికీ ముప్పే' అని వాట్సాప్‌లో మెసేజ్‌లు మొదలవుతాయి. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి పాత విద్యార్థులు ఫోన్ చేసి 'నిజమేనా సార్' అని అడుగుతుంటారు. వాళ్ల టెన్షన్‌లో తప్పు లేదు. అంకె చెప్పి దాని అర్థం చెప్పకపోవడమే తప్పు.

తీవ్రత ఒక్క పాయింటు పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. రెండు పాయింట్లు పెరిగితే వెయ్యి రెట్లు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో వచ్చిన లాతూరు భూకంపం తీవ్రత 6.2. 2004 డిసెంబరు 26న ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర వచ్చినది 9.1. శక్తి లెక్కన రెండోది ఇరవై వేల రెట్లకు పైగా పెద్దది. అయినా లాతూరులో దాదాపు పదివేల మంది చనిపోయారు. అది ఎక్కువ లోతులో పుట్టలేదు. పైగా తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా, మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు మీద పడ్డాయి. మన పడమటి మండలాల్లోనూ అలాంటి గోడల పాత ఇళ్లున్నాయి.

సముద్రంలో వచ్చే భూకంపం గురించి ఆ అంకె చెప్పేది ఇంకా తక్కువ. భూమి పైపొర భూఫలకాలనే పెద్ద పలకలుగా ఉంటుంది. సుమత్రా పక్కన భారత భూఫలకం మరో ఫలకం కిందికి ఏటా కొన్ని సెంటీమీటర్లు దూరుతోంది. రెండూ బిగుసుకున్న చోట పై ఫలకం అంచు వెదురుబద్దలా వంగుతూ వందల ఏళ్ల ఒత్తిడిని దాచుకుంటుంది. 2004లో ఆ పట్టు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవునా తెగింది. సముద్రపు అడుగు ఒక్కసారిగా పైకి లేచి, తన మీదున్న నీటినంతా ఎత్తేసింది. అలా పుట్టిన అల లోతైన సముద్రంలో గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. తీరం దగ్గర వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా తీరానికి దూరంగా సముద్రంలో 8.6 తీవ్రతతో మరొకటి వచ్చింది. అప్పుడు నేల ప్రధానంగా పక్కకు జరిగింది. అందుకే పెద్ద సునామీ రాలేదు.

కొండ కింద ఊరివాళ్లకు ఇదంతా ఎందుకని అనుకోవద్దు. 2022లో జిల్లాలు మారాక తడ, శ్రీహరికోట వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2004లో భూమి కంపించాక అల ఇటు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హెచ్చరించే వ్యవస్థ లేక ఆ సమయమంతా వృథా అయింది. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు. ఇప్పుడలా కాదు. 2007 నుంచి హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంపం ఫలానా రోజు వస్తుందని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. వచ్చాక మాత్రం సునామీ ముప్పు ఉందో లేదో ఆ కేంద్రం నిమిషాల్లో చెప్పగలదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఫార్వర్డ్ మెసేజ్‌లకు భయపడరు.

అందుకే భూకంపం వార్త వేసేటప్పుడు తీవ్రతతో పాటు దాని లోతు, నేల కదిలిన తీరు, ఇన్‌కాయిస్ ఏం చెప్పిందన్నది నాలుగు లైన్లలో వేయమని మీకు నా విన్నపం. జిల్లా అధికారులనూ ఒకటి కోరుతున్నాను. హెచ్చరిక వస్తే మన జాలరి పల్లెలకు అర్ధరాత్రి ఎవరు కబురు చేరుస్తారో, జనం ఏ దారిన ఎక్కడికి వెళ్లాలో ఊరూరా చెప్పండి. నవంబరు 5న, ప్రపంచ సునామీ అవగాహన దినం నాడు, ఆ దారిలో వాళ్లను ఒకసారి నడిపించండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి