పాసౌ నుంచి వియన్నా దాకా మా పడవలను దాటించిన వారందరికీ కృతజ్ఞతలు

యూరప్‌లోని డాన్యూబ్ నది మీద జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా దాదాపు 300 కిలోమీటర్లు. మూడు కెనూలు, ఆరుగురం, దారిలో తొమ్మిది ఆనకట్టలు. తెడ్డు వెయ్యడం మాకు ముందే వచ్చు. ఆనకట్టలు దాటడం మాత్రం పూర్తిగా మీ చలవే. పేర్లు రాయవద్దని మీలో కొందరు అన్నారు కాబట్టి మీరు చేసిన సాయాన్నే రాస్తున్నాం. మా తర్వాత వెళ్లేవారికి అదే కావాలి కూడా.

ముందుగా, కిలోమీటర్ల పట్టిక రాసి పంపిన పెద్దాయనకు. ఈ నదిలో లెక్క సముద్రం నుంచి ఎగువకు నడుస్తుంది. నల్లసముద్రపు ఒడ్డున సులీనా సున్నా, వియన్నా 1929, పాసౌ 2226. ఏటివాలున పోతుంటే ఒడ్డు మీది అంకె తగ్గుతూ వస్తుంది. ఆయన పట్టికలో యోఖెన్‌ష్టైన్ 2203, అషఖ్ 2163 మొదలుకొని గ్రైఫెన్‌ష్టైన్ 1949 దాకా ప్రతి ఆనకట్టకూ మూడే గడులు: అంకె, పడవను ఒడ్డెక్కించే వైపు, లాకు (నీటిమట్టం మార్చి పడవలను ఆనకట్ట దాటించే గది) ఉన్న వైపు. అంతకు మించి రాస్తే నీళ్ల మీద చదవలేం. రెండు కిలోమీటర్ల ముందే ఆ వైపు ఒడ్డు పట్టాలన్నది ఆయన మాట. ఎర్ర బోర్డు మీద తెల్ల అడ్డపట్టీ కనిపించిందంటే అక్కడి నుంచి ముందుకు పోకూడదు. అప్పుడు వైపు మార్చుకోవాలంటే ఓడల దారికి అడ్డంగా పడాలి.

రోజుకు 40 కిలోమీటర్లని మేం వేసుకున్న లెక్కను కొట్టేసి 25కు దించినవారికి రెండో నమస్కారం. ఆనకట్టకు ఎగువన నది చెరువే. ఉరవడి ఉండదు, గంటకు ఐదు కిలోమీటర్లు సాగితే గొప్ప, మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తే అదీ ఉండదు. తెల్లవారి ఆరింటికే నీళ్లలో ఉండాలి. మెల్క్ ఆనకట్ట దిగువ నుంచి క్రెమ్స్ దాకా వఖావు లోయలో నది స్వేచ్ఛగా పారుతుంది. 40 లెక్క అక్కడే పనికొస్తుంది.

ఇక పడవను ఒడ్డు మీదుగా ఆనకట్ట దాటించే ట్రాలీ. పాసౌ పడవల షెడ్డులోని పెద్దలు అరువిచ్చిన రెండు చక్రాల బండి లేకపోతే ఈ ప్రయాణమే లేదు. మేం కొన్నది 60 కిలోలే మోసే బండి. కెనూ 35 కిలోలు, ఇద్దరి సామాను 40, తాగునీళ్లు 15, మొత్తం 90. మొదటి రాళ్ల బాటలోనే ఇరుసు వంగేదని వాళ్లు చూడగానే చెప్పారు. నీళ్ల డబ్బాలు, వంట సామాను దించి చేత్తో మోయాలి. బండిని పడవ నడుముకు కాస్త వెనకగా పెడితే ముందుకొన చేతికి తేలికగా ఆనుతుంది. మరీ వెనక్కి పోతే బరువంతా లాగేవాడి మీదే. కట్టే పట్టీలు పాలిస్టర్‌వి కావాలి. నైలాన్ తడిస్తే సాగి, దిగుడులో బండి పడవ కింద నుంచి జారిపోతుంది. రెండు పట్టీలూ బండి చట్రంలోంచి దూర్చి కట్టాలి, పడవ చుట్టూ మాత్రమే చుడితే ఉపయోగం లేదు. చక్రం ఊడకుండా ఆపేది వేలెడంత పిన్ను, గడ్డిలో పడితే దొరకదు. నాలుగు అదనంగా ఉంచుకోండి.

లాకు సిబ్బందికి ప్రత్యేకంగా. గోదావరి కాలువల మీద లాకులు చూసినవారికి పద్ధతి కొత్త కాదు, కొలతే వేరు. ఇక్కడ నీళ్లు సుమారు 9 నుంచి 15 మీటర్లు దిగుతాయి. పెద్ద ఓడ లోపలికి వెళ్లి, దాని పంఖా ఆగి, నీళ్లు కుదుటపడ్డాకే చిన్న పడవ వెళ్లాలి. తాడును గోడ మీది కొక్కేనికి ముడి వెయ్యకూడదు. చుట్టి, కొస చేత్తో పట్టుకుని వదులుతూ పోవాలి. ముడి వేస్తే నీళ్లు దిగుతుంటే పడవ తాడుకు వేలాడుతుంది. ఇది మాకు అర్థమయ్యేలా సైగలతో రెండుసార్లు చూపించిన ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

వఖావులో డేరాకు చోటిచ్చిన క్లబ్బువారు చెప్పిన రెండు సంగతులు ప్రాణాలకు సంబంధించినవి. ఒకటి, ష్పిట్స్, వైసెన్‌కిర్‌షెన్ దగ్గర బల్లకట్లు నదికి అడ్డంగా కట్టిన తీగకు వేలాడుతూ, ఇంజను లేకుండా ఉరవడితోనే దాటుతాయి. అవి మనకోసం పక్కకు తప్పుకోలేవు. అవి ఒడ్డు చేరేదాకా మనం ఎగువన ఆగాలి. రెండు, లంగరు వేసిన ఓడ ముందుకొన వైపు పోవద్దు. నీరు దాని కిందికి దూరుతుంది, పడవనూ మనిషినీ అందులోకే లాగుతుంది. పక్కగా దూరం నుంచి పోవాలి. కంకర తిన్నె మీద ఆగితే పడవను సగం కాదు, మొత్తం పైకి లాగి కట్టాలి. ఓడ వస్తున్నప్పుడు నీరు ముందు ఒడ్డు నుంచి వెనక్కి పోతుంది, తర్వాత ఒక్కసారిగా మీదికొస్తుంది.

లింజ్‌లో పులిహోర, పెరుగన్నం కట్టిచ్చిన తెలుగు కుటుంబానికి: పులిహోర రెండో రోజు మధ్యాహ్నానికీ బాగుంది. పెరుగన్నం మొదటి పూటే తినేశాం, ఎండకు ఆగదు.

ట్రాలీని షెడ్డుకు చేర్చాం. పిన్నులు కొత్తవి వేశాం, ఎడమ టైరుకు ఒక అతుకు ఉంది, పంపు చట్రానికే కట్టి ఉంది. తీసుకెళ్లేవారు బయల్దేరే ముందు ఆ అతుకు ఒకసారి చూసుకోండి.